లోకం మీద దిగులు, కుళాయి దగ్గర తగాదా

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో మూడింటిని వేర్వేరు వయసుల వాళ్లు, వేర్వేరు ఊళ్ల నుంచి రాశారు. అయినా మూడూ దాదాపు ఒకే బాధను చెబుతున్నాయి. అందువల్ల ఆస్తి పంపకాలు, పిల్లల చదువుల ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదైంది. అందులో చెప్పినది తక్కిన ఇద్దరికీ కొంత వర్తిస్తుంది.

ప్రశ్న: నేను తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. ఇప్పటివరకు నమోదైన సంవత్సరాలన్నిటిలోకీ 2024 అతి వేడి సంవత్సరమని పిల్లలకు పాఠం చెప్పి ఇంటికి వస్తాను. వచ్చేసరికి, నీళ్లు వదిలిన వేళకు పక్కింటివాళ్లు మోటారు వేసి లాగేసుకుంటున్నారని మా అత్తమ్మ గుమ్మంలోనే చెబుతుంది. నేనూ గొంతు పెంచి తగాదాకు దిగుతాను. కాసేపటికి ఫోనులో, యుద్ధంలో ఇళ్లు కూలి వీధిన పడ్డ పసిపిల్లల బొమ్మలు చూస్తాను. అప్పుడు నా మీద నాకే అసహ్యం కలుగుతుంది. దోసెల పిండి పులిసిందా, పెద్దమ్మాయి జాకెట్టును దర్జీ ఈ వారమైనా ఇస్తాడా అన్నవేనా నా బాధలు? ఇల్లు కాలి ఒకరు ఏడుస్తుంటే చుట్ట కాల్చుకోవడానికి నిప్పు అడిగినట్టుంది నా బతుకు. ఇంకోవైపు, చిన్నదానికి అన్నం కలిపి పెడుతూ 2060లో దీని బతుకు ఎలా ఉంటుందోనని ఆలోచిస్తే చేయి ఆగిపోతుంది. అది ‘అమ్మా, ముద్ద’ అని అరిస్తే గానీ నాకు తెలివి రాదు. ఈ రెండు బరువులనూ కలిపి మోయలేకపోతున్నాను. వీటిలో ఏది వదిలేయదగినది?
– పేరు వద్దన్న పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, ఈ బాధ మీ ఒక్కరిదే కాదు, మీ మనసులోని లోపమూ కాదు. ‘లాన్సెట్ ప్లానెటరీ హెల్త్’ అనే వైద్య పత్రికలో 2021లో ఒక సర్వే వచ్చింది. మన దేశంతో కలిపి పది దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 10,000 మందిని వాతావరణ మార్పు గురించి అడిగితే, చాలా ఎక్కువగా లేదా విపరీతంగా దిగులుపడుతున్నామని 59 శాతం మంది చెప్పారు. ఆ దిగులు తమ రోజువారీ బతుకును దెబ్బతీస్తోందన్నవారు 45 శాతానికి పైనే ఉన్నారు. మీరు పాఠం చెప్పే పిల్లలు రేపో మాపో ఆ వయసుకు వస్తారు. కనుక మీరు ఈ చిక్కును ఎలా విప్పుకుంటారన్నది మీ తరగతి గదికి కూడా సంబంధించిన సంగతి.

అల్పమైనదని మీరు సిగ్గుపడిన ఆ కుళాయి తగాదానే ముందు చూద్దాం. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణానది శ్రీశైలం జలాశయంలో నిలుస్తుంది. అక్కడి నీరు పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలోకి మళ్లి, వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు జలాశయాలను ఒక్కొక్కటిగా దాటుకుంటూ, తెలుగుగంగ నీరుగా తిరుపతి దాకా వస్తుంది. కళ్యాణి డ్యాము నీరు దానికి తోడవుతుంది. చెన్నై నగరం తాగే నీటిలో కొంత భాగం కూడా ఆ కండలేరు నుంచే పోతుంది. పడమటి కనుమల్లో వాన తప్పినా, ఇక్కడ కళ్యాణి డ్యాము అడుగంటినా, ఆ కొరత చివరికి వచ్చి నిలిచేది మీ వీధి కుళాయి దగ్గరే. తరగతిలో మీరు చెప్పే పాఠానికీ, మీ గుమ్మం ముందు జరిగిన తగాదాకూ మధ్య ఉన్నది ఒక గొట్టం పొడవు దూరం మాత్రమే. మున్సిపల్ గొట్టానికి నేరుగా మోటారు బిగించకూడదన్న నిబంధన ఉన్నది కూడా, ఒక ఇల్లు లాగేసుకుంటే వీధి చివరి ఇంటికి చుక్క రాదు కాబట్టే. కనుక ఆ తగాదా పడినందుకు సిగ్గుపడకండి. గొంతు పెంచినందుకు మాత్రం కొంచెం నొచ్చుకోవచ్చు. నలుగురు ఇల్లాళ్లు కలిసి కూర్చుని, ఎవరూ నేరుగా మోటారు వేయకూడదని ఒక మాట అనుకుంటే, ఆ పని గోడ మీది కేకలకన్నా తప్పకుండా బాగా సాగుతుంది.

అయితే చిన్న చింతలన్నిటికీ ఇలా ప్రపంచంతో ముడి వేసి చూపించాలని నేను అనుకోను. మీ అమ్మాయి జాకెట్టు వెనక ఏ నదీ లేదు. ఒక ఆడపిల్ల పండుగనాటికి కొత్త బట్ట కట్టుకోవాలనుకుంది, దర్జీ ఆలస్యం చేశాడు, అంతే. దానికి ఇంకే సమర్థనా అక్కర లేదు. మీరు ఫోనులో చూసిన ఆ పసిపిల్లల తల్లి ఏం పోగొట్టుకుందో ఒక్కసారి ఆలోచించండి. గోడలు, కప్పు ఎలాగూ పోయాయి. వాటితోపాటు, పిండి పులిసిందా అని మూత తీసి చూసుకునే తెల్లవారుజాములు, బిడ్డ బట్ట కోసం దర్జీ చుట్టూ తిరిగి విసుక్కునే సాయంత్రాలు కూడా పోయాయి. యుద్ధం ఆగితే ఆవిడ తిరిగి అందుకోవాలనుకునేది ఇటువంటి రోజులనే. అటువంటి రోజులు మీకు ఉన్నందుకు మీరు అపరాధిలా తలవంచుకుంటే ఆవిడకు ఒరిగేది ఏమీ లేదు. సామెతలో తప్పు చేసినవాడు కాలుతున్న ఇంటి నిప్పును తన సుఖానికి వాడుకున్నాడు. మీరు మీ పొయ్యి మీద మీ పిల్లలకు వండుకుంటున్నారు.

మీ ఉత్తరాన్ని రెండోసారి చదివినప్పుడు, అసలు ముడి వేరేచోట ఉందనిపించింది. లోకానికి మనం పడిన బాకీని బాధపడటం ద్వారా తీర్చాలని మీరు లోలోపల నమ్ముతున్నట్టున్నారు. అందుకే కాసేపు మరచిపోయి నవ్వితే ద్రోహం చేసినట్టు, రాత్రి నిద్ర పట్టకపోతే ఏదో కొంత చెల్లించినట్టు అనిపిస్తోంది. మనసున్నవాళ్లకే ఇటువంటి నమ్మకం కలుగుతుంది గనుక దాన్ని తేలికగా తీసిపారేయను. కానీ మీరు మేలుకొని గడిపిన రాత్రి వల్ల ఎవరి ఇంటి కప్పూ తిరిగి నిలబడదు. మరునాడు మీ తరగతిలోని పిల్లలకు అలసిపోయిన టీచరు మిగులుతుంది, అంతే.

లోకానికి వచ్చిన ఒక పెద్ద ముప్పును మనుషులు నిజంగా ఎలా పట్టుకున్నారో చూడటానికి ఓజోను పొర కథ మంచి ఆధారం. మీరు అది పాఠంగా చెప్పే ఉంటారు, కానీ ఈ కోణంలో చెప్పి ఉండరేమో. అంటార్కిటికాలోని హ్యాలీ కేంద్రంలో బ్రిటిష్ పరిశోధకులు 1950ల చివరి నుంచి, ఏటేటా ఒకే పద్ధతిలో, నెత్తి మీది ఆకాశంలో ఓజోను ఎంత ఉందో కొలిచి రాసుకుంటూ వచ్చారు. పెద్ద ఆవిష్కరణ ఏదీ కనబడని ఏళ్లలో కూడా పరికరాన్ని సరిచూసుకోవడం, అంకెలు రాయడం, పాత అంకెలతో పోల్చడం మానలేదు. ఆ విసుగు పుట్టించే పని పాతికేళ్లకు పైగా సాగినందువల్లనే, వసంతకాలపు ఓజోను ఏటేటా తగ్గిపోతోందని 1985లో వారు ప్రపంచానికి చెప్పగలిగారు. రెండేళ్లు తిరిగేసరికి, 1987లో, మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఓజోనును దెబ్బతీసే, ఫ్రిజ్‌లలోనూ స్ప్రే డబ్బాలలోనూ వాడే వాయువుల తయారీని దేశాలు క్రమంగా మానుకున్నాయి. ఇదే తీరులో సాగితే ఓజోను పొర ప్రపంచంలో చాలా భాగాన 2040 నాటికి, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి చేరుతుందని ఐక్యరాజ్యసమితి నిపుణులు 2023లో అంచనా వేశారు. మీ చిన్నమ్మాయి గురించి మీరు భయపడుతున్న ఆ 2060 నాటికి, ఈ ఒక్క గాయమైనా చాలావరకు మానిపోయి ఉంటుందని ధైర్యంగా చెప్పవచ్చు. ఆ అంకెలు రాసుకున్నవాళ్లకు కూడా మధ్యాహ్నం వేళకు ఆకలి వేసి ఉంటుంది, పెన్ను కనబడకపోతే చిరాకు కలిగి ఉంటుంది. ఆ చిరాకుల మధ్యనే లోకానికి పనికొచ్చే పని జరిగింది.

అటువంటి పని మనకు దగ్గరలోనూ జరుగుతోంది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి రాడారు 1990ల తొలి ఏళ్ల నుంచి ఆకాశంలో ఎంతో ఎత్తున వీచే గాలులను కొలుస్తోంది. అనుమతి దొరికితే మీ పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకుపోండి. భూమి వేడెక్కుతోందని విని బెదిరిన పిల్లలకు, ఆ వేడి సంగతిని ఓపికగా కనిపెట్టి చూస్తున్న మనుషులు పక్క ఊళ్లోనే ఉన్నారని తెలియడం మేలు చేస్తుంది.

ఇక మీరేం చేయవచ్చన్నది చెబుతాను. 2021 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది. వాయుగుండం పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటిన ఆ రోజుల్లో తిరుపతి వీధులు కాలువలయ్యాయి, స్వర్ణముఖి పొంగింది, తిరుమల ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడ్డాయి. తరువాత రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకు పడితే, దిగువ ఊళ్లను ఖాళీ చేయించవలసి వచ్చింది. ఆ కట్ట దగ్గర భూతాపం గురించి చర్చించడానికి ఎవరికీ తీరిక లేదు. ఇసుక బస్తాలు నింపి, మోసి, లీకు పడ్డ చోట వేయడమే పని. అసలు మన సీమలో చెరువు నిలవడానికి, దశబంధం పేరుతో భూములను మాన్యంగా ఇచ్చి మరీ దాని బాగోగులు చూసుకునే పద్ధతి ఉండేది. కట్ట మీద కంప కొట్టడం, తూము ముందు పూడిక తీయడం, నిండిన నీరు పొర్లిపోయే మొరవ దగ్గర అడ్డం పడ్డ చెట్టును లాగేయడం, నీళ్లు పంచే నీరుగట్టి వేళకు తూము తెరవడం వంటి పనులతో ఊరు తన అతి పెద్ద భయాన్ని ఏడాది పొడుగునా పంచుకుని మోసేది. ఆ పనులు వదిలేసిన చోటల్లా ఆ భయం వానాకాలం రాత్రి ఒక్కసారిగా మీద పడుతుంది.

మన ప్రాంతంలో వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి గనుక, మీ వీధి కాలువలో పూడిక సెప్టెంబరులోనే తీయించాలని వార్డు సచివాలయంలో అర్జీ పెట్టండి. ఒక్కరే పోకండి, అత్తమ్మను, వీలైతే ఆ మోటారు వేసే పక్కింటావిడను కూడా వెంటబెట్టుకుని పోండి. యుద్ధబాధితులకు సాయం చేసే నమ్మకమైన సంస్థ ఏదైనా మీ ఎరుకలో ఉంటే, జీతం వచ్చిన రోజునే ఇవ్వగలిగినంత ఇచ్చి, మళ్లీ నెల వరకు దాని గురించి లెక్కలు వేసుకోకండి. వార్తలను పొద్దున ఒకసారి పత్రికలో చదవండి. రాత్రి పడుకునే గదిలోకి ఫోను రానివ్వకండి, ముఖ్యంగా ఆ బొమ్మలను. ఒకే బొమ్మను పదిసార్లు చూడటం వల్ల మీకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

చిన్నదానికి అన్నం పెట్టేటప్పుడు 2060 గుర్తుకొస్తే రానివ్వండి. అది ప్రేమ వల్ల వచ్చే ఆలోచనే. కాకపోతే చేయి ఆపకండి, పిల్లకు ఆకలిగా ఉంది.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరును. మాకు మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. రోజూ రెండు పత్రికలు ఆసాంతం చదువుతాను. అమెరికా అణుశాస్త్రవేత్తల పత్రిక వారు 2025 జనవరిలో తమ ప్రళయ గడియారాన్ని అర్ధరాత్రికి 89 సెకన్ల దూరానికి జరిపారని ఇంట్లో చెబితే, మా ఆవిడ ‘ముందు కాయ అమ్ముడుపోనీండి, తరువాత ప్రపంచం మునగనీండి’ అంది. కొడుకులిద్దరూ నవ్వారు. వీళ్లకు కిలో ధర తప్ప ఇంకేదీ పట్టదు. ఇంత ప్రమాదం నెత్తి మీద ఉండగా మనుషులు ఇంత చిన్న బుద్ధితో ఎలా ఉండగలరు?
– ఒక పాఠకుడు, బంగారుపాళ్యం మండలం, చిత్తూరు జిల్లా

జవాబు: అయ్యా, మీరు చదివినది నిజమే. ఆ గడియారం అర్ధరాత్రికి ఎంత దగ్గరైతే లోకం నాశనానికి అంత దగ్గరైందని అర్థం. 1947లో ఏడు నిమిషాల దూరంలో మొదలైన ఆ గడియారపు ముల్లు 1991లో పదిహేడు నిమిషాల దూరానికి వెనక్కి వెళ్లింది. 2025లో 89 సెకన్లకు వచ్చినప్పుడు, అప్పటివరకు అంత దగ్గరికి ఎన్నడూ రాలేదు. అయితే అది కొలిచి చెప్పిన లెక్క కాదు, శాస్త్రవేత్తలు తమ అంచనాకు పెట్టుకున్న గుర్తు. ముల్లు వెనక్కి వెళ్లిన కథను కూడా ఇంట్లో చెప్పండి. 1980ల నడుమ ప్రపంచంలో సుమారు 70,000 అణ్వాయుధాలు ఉండేవి. దేశాలు ఒప్పందాలు చేసుకుని తగ్గించుకోగా ఇప్పుడు సుమారు 12,000 ఉన్నాయి. మిగిలినవి కూడా లోకాన్ని నాశనం చేయడానికి చాలు. కనుక మీ భయానికి కారణం ఉంది, ఆ భయం వల్ల కొంత పని జరిగిన దాఖలా కూడా ఉంది.

మీ ఇంటివాళ్ల మీద మీరిచ్చిన తీర్పును మాత్రం నేను ఒప్పుకోలేను. 2025 వేసవిలో ఏం జరిగిందో మీ మండలంలో ఉన్నవారికి నేను చెప్పనక్కర లేదు. అంతకు ముందు ఏడాది గుజ్జు అమ్ముడుపోక మిగిలిపోవడంతో ఫ్యాక్టరీలు కాయ కొనడానికి వెనకాడాయి. తోతాపురి ధర పడిపోయింది. కాయ నింపిన ట్రాక్టర్లు ఫ్యాక్టరీల గేట్ల ముందు బారులు తీరాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, తాను మరో 4 రూపాయలు కలుపుతానని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. ఎండలో కాయ మగ్గిపోతుంటే, వరుస కదలకపోతే, ట్రాక్టరు మీదే పడుకున్న రైతు కిలో ధర గురించి ఆలోచించడం చిన్న బుద్ధి ఎలా అవుతుంది? కఠినంగా తోచినా ఒక మాట చెప్పాలి. మీకు నెలనెలా పింఛను వస్తుంది. మీ కొడుకులకు రాబడి ఏడాదికి ఒక్కసారి, ఆ జూన్, జూలై నెలల్లో, కాయ రూపంలో వస్తుంది. తాపీగా కూర్చుని అణ్వాయుధాల గురించి బాధపడే వీలు మీకు ఆ పింఛను వల్ల కలిగింది. అది మంచిదే, ఎవరో ఒకరు ఆ వార్తలు చదవాలి. కానీ ఆ వీలు లేనివాళ్లను తక్కువ చేయకూడదు.

మీ ఊరి కాయ గుజ్జుగా మారి గల్ఫ్ దేశాలకు, ఐరోపాకు ఓడలెక్కుతుంది. ఆ దారిలో యుద్ధం వస్తే ఓడల కిరాయి పెరుగుతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికన్నా ముందు తెలిసేది పత్రిక చదివే మీకే. ప్రళయ గడియారం కన్నా ముందు, భోజనాల దగ్గర, ఈ సంగతిని మీ పిల్లలకు విడమరిచి చెప్పి చూడండి. వచ్చే కోతలకు ట్రాక్టరు వెంట మీరూ వెళ్లి ఒక రాత్రి గేటు ముందు కూర్చోండి. వాళ్లు మీ వార్తలను వినడం బహుశా అక్కడ మొదలవుతుంది.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కృత్రిమ మేధ వల్ల మానవజాతే అంతం కావచ్చని, ఆ ముప్పును మహమ్మారులతో, అణుయుద్ధంతో సమానంగా చూడాలని 2023 మేలో శాస్త్రవేత్తలు సంతకాలు చేశారని చదివినప్పటి నుంచి పుస్తకం ముట్టబుద్ధి కావడం లేదు. తెల్లవారుజాము మూడింటి దాకా ఆ వీడియోలే చూస్తున్నాను. రెండు నెలలుగా సరిగా నిద్ర లేదు, ల్యాబ్ రికార్డు రాయడం మానేశాను. మళ్లీ మెస్సులో పెరుగు పుల్లగా ఉందని అందరికన్నా ముందు గొడవ చేసేది నేనే. నాకేమైనా పిచ్చి పట్టిందా?
– ఒక విద్యార్థి, చిత్తూరు

జవాబు: నాయనా, నీకు పిచ్చి పట్టలేదు. పుల్లటి పెరుగు తినలేననడం ఆరోగ్యంగా ఉన్న మనిషి లక్షణమే. ఆ ప్రకటన నిజంగా వచ్చింది. దాని మీద సంతకం చేసినవారిలో ఆ రంగాన్ని నిర్మించిన పెద్ద శాస్త్రవేత్తలు ఉన్నారు. అయితే దాన్ని కూడా సరిగా చదువు. అంతం ఖాయమని వాళ్లు అనలేదు, ఆ ప్రమాదాన్ని తగ్గించడం ప్రపంచమంతటా ముఖ్యమైన పనిగా పెట్టుకోవాలన్నారు. ఆ పనికి గణితం, కంప్యూటర్లు బాగా తెలిసిన మనుషులు కావాలి. నువ్వు మూసిపెట్టిన పుస్తకాల్లో ఉన్నది కూడా అదే చదువు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ వస్తుందా రాదా అన్న భయం కూడా ఇందులో కలిసి ఉందని నాకు అనుమానం. నువ్వు ఆ సంగతి రాయలేదు. ఉంటే మాత్రం దాన్ని మానవజాతి అంతం అనే పెద్ద మాట వెనక దాచకు. మీ సీనియర్లతోనో, మీ అధ్యాపకులతోనో విడిగా, సూటిగా మాట్లాడు. ఆ రెండో భయానికి చేయదగిన పనులు చాలా ఉన్నాయి.

రెండు నెలలుగా నిద్ర లేదన్నావు, నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ మాట. ఇంతకాలం సాగిన నిద్రలేమిని ఉత్తరంలో ఇచ్చే సలహాతో సరిచేయలేం. 14416కు ఫోను చెయ్యి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సహాయ కేంద్రం. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర లేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలనుకుంటే తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఒక్కడివే వెళ్లడానికి జంకుగా ఉంటే నమ్మకమైన స్నేహితుణ్ని తోడు తీసుకుని పో. ఇంట్లో అమ్మానాన్నలకు కూడా ఈ మాట చెప్పు, నువ్వు చదవడం లేదని వాళ్లు కోప్పడకముందే నిద్ర రావడం లేదని తెలియడం మంచిది. రికార్డులో మిగిలిన ప్రయోగాలు ఎన్నో లెక్కపెట్టి, పగటి వేళ ఒక్కొక్కటిగా రాయి. నెల గడిచాక నిద్ర ఎలా ఉందో నాకు మళ్లీ ఉత్తరం రాయి.